పూల్ నీళ్లు: ముక్కుని నమ్మొద్దు, టెస్ట్ కిట్‌ని నమ్మండి

స్విమ్మింగ్ పూల్‌లో ఏ ఇబ్బంది వచ్చినా నింద క్లోరిన్ మీదికే పోతుంది. కళ్లు మండితే క్లోరిన్, జుట్టు రంగు మారితే క్లోరిన్, వాసన వస్తే క్లోరిన్. దాంతో డోసు తగ్గిస్తారు, ఉన్న సమస్య ఇంకాస్త ముదురుతుంది. ఏ లక్షణానికి అసలు కారణం ఏమిటో, ఏం చేయాలో చూద్దాం.

సమస్య: ఘాటు వాసన, ఒడ్డున కూర్చున్నా దగ్గు

"క్లోరిన్ బాగా వేశారు, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి" అని కొందరు సంతోషిస్తారు. "ఎక్కువైంది, తగ్గించండి" అని కొందరు గొడవపడతారు. ఇద్దరిదీ పొరపాటే. శుభ్రమైన నీళ్లలో సరిపడా క్లోరిన్ ఉంటే వాసన దాదాపు తెలియదు. ముక్కుకు తగిలే ఆ ఘాటు క్లోరమైన్లది. మన చెమట, మూత్రం వల్ల నీళ్లలోకి చేరే యూరియా, అమ్మోనియా లాంటి వాటితో క్లోరిన్ కలిస్తే ఇవి పుడతాయి. వీటిలో ట్రైక్లోరమైన్ నీళ్లలో నిలవకుండా గాల్లోకి లేస్తుంది. ఇండోర్ పూల్‌లో గాలి ఆడకపోతే నీటి మీదే పేరుకుంటుంది. ఈదేవాళ్లు పీల్చేది ఆ గాలినే. రోజంతా అక్కడే ఉండే కోచ్‌లు, లైఫ్‌గార్డులు నీళ్లలో దిగకపోయినా దగ్గేది అందుకే.

ముందు కొలవాలి. మొత్తం క్లోరిన్‌లోంచి ఫ్రీ క్లోరిన్ (ఇంకా పని చేయగలిగేది) తీసేస్తే మిగిలేది కంబైన్డ్ క్లోరిన్, అంటే పని అయిపోయిన సరుకు. అది 0.4 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఒక భాగం ఒక పీపీఎం) దాటితే చర్య తీసుకోవాల్సిందే. ఎవరూ లేని సమయంలో, తలుపులు తెరిచి, ఫ్యాన్లు వేసి, కంబైన్డ్ విలువకు సుమారు 10 రెట్లు క్లోరిన్ పడేలా షాక్ డోసు ఇస్తారు. మొత్తం 2.5, ఫ్రీ 1.5 ఉంటే తేడా 1 కాబట్టి డోసు 10 పీపీఎం. భయపడి సగం వేసి ఆపితే వాసన తగ్గకపోగా పెరగొచ్చు. షాక్‌కీ లొంగకపోతే కొంత నీరు తీసి కొత్త నీరు పట్టాలి. ఇవన్నీ చేసినా, దిగే ముందు ఒంటి మీద నీళ్లు పోసుకోకపోతే కథ మళ్లీ మొదటికే. ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే ఒంటి మీది మురికిలో చాలా భాగం పోతుంది. "ఎలాగూ నీళ్లలోకే దిగుతున్నాం, మళ్లీ స్నానమెందుకు" అనే మాటే అన్నిటికంటే ఖరీదైన అపోహ.

కిట్ గురించి రెండు మాటలు. పసుపు రంగు చూపించే పాత రకం మొత్తం క్లోరినే చెబుతుంది, ఫ్రీ ఎంతో చెప్పదు. గులాబీ రంగు వచ్చే డీపీడీ రకం తీసుకోండి. ఒక తిరకాసు ఉంది: గులాబీ రంగు ఇలా వచ్చి అలా మాయమైతే క్లోరిన్ లేదని కాదు, మితిమీరి ఉండి రంగునే విరగ్గొట్టిందని. అప్పుడు క్లోరిన్ లేని నీళ్లు కలిపి శాంపిల్‌ని పలచన చేసి మళ్లీ చూడాలి. ఆ తెల్లటి గొట్టాన్ని చూసి "సున్నా" అనుకుని ఇంకో డోసు పోసేవాళ్లు ఉన్నారు!

సమస్య: కళ్లు ఎర్రబడి మంట

ఇక్కడా క్లోరమైన్లే, తోడుగా అదుపు తప్పిన పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత). 7.2 నుంచి 7.8 మధ్య ఉంచితే కళ్లకు హాయి. గాగుల్స్ పెట్టుకోండి, కాంటాక్ట్ లెన్సులు తీసేసి దిగండి. అన్నట్టు, నీళ్లలో మూత్రం పోస్తే రంగు మారే మందు ఉందంటారు కదా, అలాంటిదేమీ లేదు. పిల్లల్ని బెదిరించడానికి తప్ప పనికిరాదు.

సమస్య: రీడింగ్ బాగానే ఉంది, నీళ్లు మాత్రం మసకగా, పచ్చగా

అంకె ఉన్నంత మాత్రాన క్లోరిన్ పని చేస్తున్నట్టు కాదు. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగమే చురుకైన రూపంలో ఉంటుంది. 8కి చేరితే అది నాలుగో వంతుకో అంతకంటే కిందికో పడిపోతుంది. రెండో అనుమానం సయన్యూరిక్ ఆమ్లం. ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా కాపాడేది ఇదే, కానీ పోగుపడితే క్లోరిన్‌ని మందకొడిగా చేస్తుంది. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లలు వేసిన ప్రతిసారీ కొంత చేరుతుంది, నీళ్లు ఆవిరైనా అది పోదు. 100 పీపీఎం దాటితే కొంత నీరు తోడేసి కొత్త నీరు పట్టడమే మార్గం. తర్వాత వరస ఇది: పీహెచ్ సరిచేయడం, షాక్, గోడలు బ్రష్‌తో రుద్దడం, నీరు తేటపడేదాకా ఫిల్టర్ ఆపకుండా నడపడం, బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌లోకి నీళ్లు తిరగేసి పంపి కడగడం). అడుగున ఉన్న డ్రెయిన్ మూత కనిపించనంత మసక ఉంటే ఎవర్నీ దిగనివ్వొద్దు. మునిగిన మనిషి కూడా కనిపించడు.

సమస్య: జుట్టుకు ఆకుపచ్చ రంగు

క్లోరిన్ కాదు, రాగి. నాచు మందులోంచో, పీహెచ్ తగ్గి తినేసిన రాగి పైపులోంచో వస్తుంది. లేత రంగు జుట్టుకు ఎక్కువ పట్టుకుంటుంది. దిగే ముందు జుట్టు మామూలు నీళ్లతో తడుపుకుని క్యాప్ పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది.

సమస్య: నీళ్లు తేటగా ఉన్నా, ఈదొచ్చాక విరేచనాలు

"క్లోరిన్ ఉంది కాబట్టి క్రిములు క్షణంలో చస్తాయి" అన్నది సగం నిజం. 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్, పీహెచ్ 7.5, నీళ్లు 25 డిగ్రీలు ఉంటే ఈ.కోలై అనే బ్యాక్టీరియా నిమిషంలోపే చస్తుంది. జియార్డియా అనే పరాన్నజీవికి సుమారు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి గట్టి పెంకు ఉన్నది కాబట్టి 10 రోజులకు పైగా తట్టుకుంటుంది. పూల్‌లోకి అది ఎక్కువగా మనిషి పేగుల్లోంచే వస్తుంది, ఒక గుక్క నీళ్లు మింగితే చాలు. స్విమ్ డైపర్ గట్టి మలాన్ని కొంత ఆపుతుందేమో గానీ క్రిముల్ని ఆపదు. ఎవరికైనా విరేచనాలవుతుంటే దిగకూడదు. క్రిప్టో అని తేలితే తగ్గాక కూడా 2 వారాలు ఆగాలి. పూల్‌లోనే ఎవరికైనా విరేచనమైతే అందర్నీ బయటికి పంపి, పీహెచ్ 7.5కి మించకుండా చూసుకుంటూ, క్లోరిన్‌ను 20 పీపీఎంకు పెంచి 12 గంటల 45 నిమిషాలు నిలపాలి. నీళ్లలో సయన్యూరిక్ ఆమ్లం ఉంటే అది చాలదు, ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

సమస్య: ఈదొచ్చిన మర్నాడు చెవి నొప్పి

నీళ్లు లోపలికి వెళ్లడం కాదు, బయటికి రాకపోవడమే ఇబ్బంది. తల ఒక పక్కకు వంచి, తువ్వాలుతో బయటి చెవి తుడవండి. ఇయర్ బడ్ పెట్టొద్దు. చీము, తీవ్రమైన నొప్పి ఉంటే చెవి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఉప్పు నీటి పూల్‌లో క్లోరిన్ ఉండదా?

ఉంటుంది. సెల్ అనే పరికరంలో ఉప్పు నీటి గుండా కరెంటు ప్రవహించినప్పుడు ఉప్పు నుంచే క్లోరిన్ తయారవుతుంది. పైన చెప్పిన టెస్టులన్నీ దానికీ వర్తిస్తాయి.

మందులు కలిపేటప్పుడు

"రెండూ క్లోరినే కదా" అని కాల్షియం హైపోక్లోరైట్ తీసిన మగ్గుతోనే ట్రైక్లోర్ తీయకండి. రెండూ కలిస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు కూడా. ఆమ్లం క్లోరిన్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది. మందును నీళ్లలో వేయాలి, మందు మీద నీళ్లు పోయకూడదు. ఒక్కో మందుకు ఒక్కో మగ్గు, వేర్వేరు అరలు, తడి తగలని చోటు.