పేమెంట్ గేట్‌వే పాఠాలు – 4: పైసలు పడ్డాయని ఎవరు చెప్తే నమ్మాలి?

పోయిన పాఠంలో మన గద్వాల చీరల సైటుకు రేజర్‌పేలో (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకోవడానికి మనం వాడుతున్న పేమెంట్ గేట్‌వే) ఆర్డర్ సృష్టించడం దాకా వచ్చాం. లెక్కంతా పైసల్లోనే అని చెప్పుకున్నాం: 8,500 రూపాయల చీరకు 850000 పంపాలి. అలవాటుగా 8500 అని కొట్టారో, చీర 85 రూపాయలకే పోతుంది.

ఇవాళ తేల్చుకోవాల్సింది ఒక్కటే. డబ్బు కట్టారని మన సైటు ఎప్పుడు ఒప్పుకోవాలి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ బండి అతన్ని చూడండి. "పైసలు కొట్టిన అన్నా" అంటూ ఎవరైనా ఫోన్ చూపిస్తే తల కూడా ఎత్తడు. పక్కనున్న సౌండ్ బాక్స్ పలికాకే గ్లాసు చేతికిస్తాడు. ఫోన్ కొనేవాళ్లది, బాక్స్ తనది. మనకు కొనేవాళ్ల బ్రౌజరే ఆ ఫోన్. వెబ్‌హుక్, అంటే రేజర్‌పే సర్వర్ నేరుగా మన సర్వర్‌కు పంపే కబురు, మన సౌండ్ బాక్స్.

ముందు బ్రౌజర్ సంగతి చూసేద్దాం. చెల్లింపు అయ్యాక అది మూడు ముక్కలు తెచ్చిస్తుంది: ఆర్డర్ ఐడీ, పేమెంట్ ఐడీ, సిగ్నేచర్. మన సర్వర్‌లో ఆర్డర్ ఐడీ, ఒక నిలువు గీత, పేమెంట్ ఐడీ వరుసగా కలిపి, కీ సీక్రెట్‌తో (మనకూ రేజర్‌పేకూ మాత్రమే తెలిసిన రహస్య కీ) హెచ్‌మ్యాక్ షా-256 తీయాలి, అంటే ఆ రహస్యం తెలిసినవాళ్లే తీయగలిగే ముద్ర లాంటి హాష్. వచ్చింది సిగ్నేచర్‌తో సరిపోతేనే అసలుది. ఇక్కడ ఆర్డర్ ఐడీని బ్రౌజర్ పంపిన దాంట్లోంచి తీసుకోవద్దు, మన డేటాబేస్‌లోంచి తీసుకోండి.

చాలా ట్యుటోరియల్స్ ఇక్కడితో చేతులు దులుపుకుంటాయి. నాకు అది నచ్చదు. ఎందుకంటే బ్రౌజర్ అసలు తిరిగి రాకపోవచ్చు. అచ్చంపేట నుంచి శ్రీశైలం బస్సులో పోతూ ఒకామె చీర బుక్ చేసింది. యూపీఐ యాప్‌లో పిన్ కొట్టింది, డబ్బు కట్ అయింది. మన్ననూర్ దాటి అడవిలోకి పోగానే సిగ్నల్ పోయింది. మన పేజీకి ఏ కబురూ రాలేదు. ఆమె ఖాతాలో డబ్బు లేదు, మన దగ్గర ఆర్డర్ 'పెయిడ్' అనీ పడలేదు. ఇక ఫోన్‌లో మాటలు పడాల్సింది షాపాయనే.

అందుకే వెబ్‌హుక్. డ్యాష్‌బోర్డ్‌లో మన సర్వర్ అడ్రస్ ఇచ్చి, 'పేమెంట్ క్యాప్చర్డ్', 'పేమెంట్ ఫెయిల్డ్' ఈవెంట్లు టిక్ పెట్టి, ఒక సీక్రెట్ రాసుకోండి. ఇది కీ సీక్రెట్ కాదు, వేరే. డబ్బు పడగానే రేజర్‌పే సర్వరే నేరుగా మన సర్వర్‌కు చెప్తుంది. మధ్యలో కొనేవాళ్ల ఫోన్‌తో పనిలేదు.

ఆ కబురుకూ హెడర్‌లో సిగ్నేచర్ ఉంటుంది. దాన్ని సరిచూసే చోటే ఎక్కువమంది గంటలకొద్దీ తల పట్టుకునేది. హెచ్‌మ్యాక్ తీయాల్సింది ఆ వెబ్‌హుక్ సీక్రెట్‌తో, వచ్చిన బాడీని (కబురులోని అసలు సమాచారాన్ని) వచ్చినట్టుగానే పెట్టుకుని. జేసన్‌గా విప్పి మళ్లీ చుడితే ఎక్కడో ఒక స్పేస్ మారినా హాష్ మొత్తం మారిపోతుంది. ఎక్స్‌ప్రెస్ (నోడ్‌లో సర్వర్ రాసే ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లు ఆ ఒక్క రూటుకు జేసన్ పార్సర్ తీసేసి, బాడీని విప్పకుండా ఇచ్చే రా పార్సర్ పెట్టండి.

సిగ్నేచర్ కుదిరాక, కబురును దాచుకుని వెంటనే 200 (అందింది అనే హెచ్‌టీటీపీ కోడ్) జవాబివ్వండి. ఈమెయిల్, ఇన్‌వాయిస్ లాంటివి తర్వాత చూసుకోవచ్చు. 5 సెకన్లలో జవాబు రాకపోతే రేజర్‌పే అందలేదనుకుని మళ్లీ పంపుతుంది, అలా 24 గంటల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. అంటే ఒకే కబురు రెండుసార్లు రావచ్చు. చేనేతలో ఒక్కో డిజైన్‌కు ఒకటో రెండో చీరలుంటాయి, రెండుసార్లు తగ్గిస్తే స్టాక్ మైనస్‌లోకి పోతుంది. హెడర్‌లో వచ్చే ఈవెంట్ ఐడీని టేబుల్‌లో యునీక్ కాలమ్‌గా (ఒకే విలువ రెండోసారి పట్టని కాలమ్) పెట్టండి. రెండోసారి వస్తే డేటాబేసే తిప్పికొడుతుంది.

'ఫెయిల్డ్' రాగానే ఆర్డర్ రద్దు చేయకండి. ఒకసారి ఫెయిలైనా అదే ఆర్డర్ మీద మళ్లీ కట్టొచ్చు. ఒక్కోసారి బ్యాంకు నుంచి ఓకే ఆలస్యంగా కూడా వస్తుంది.

ఇక ఇంటిపని. లోకల్‌హోస్ట్‌కు (మన కంప్యూటర్‌లోనే నడిచే సర్వర్) బయటివాళ్లు రాలేరు కాబట్టి, దానికి బయటి అడ్రస్ ఇచ్చే ఎన్‌గ్రోక్ టూల్‌తో దారి తెరవండి. టెస్ట్ మోడ్‌లో ఒక చెల్లింపు సక్సెస్ అయ్యేలా చేసి చూడండి. దానికి ముందు, బ్రౌజర్ వైపు రాసిన కోడ్ మొత్తం కామెంట్‌లో పెట్టేయండి. అయినా ఆర్డర్ 'పెయిడ్'గా మారాలి. తర్వాత 4040 పోర్టులో ఎన్‌గ్రోక్ పేజీ తెరిచి, ఆ కబురు మీద రీప్లే నొక్కండి. స్టాక్ ఇంకోటి తగ్గిందా, యునీక్ కాలమ్ దగ్గర పొరపాటు జరిగిందన్నట్టు.

టెస్ట్‌లో పెట్టిన వెబ్‌హుక్ లైవ్‌కు దానంతటదే రాదు, అక్కడ మళ్లీ పెట్టుకోవాలి. ఐదో పాఠంలో రీఫండ్లు.