అందరికీ అందే యాప్ – 4వ పాఠం: పేరు లేని గడులు

అక్షరాలకీ వాటి వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 వెలుగు తేడా (కాంట్రాస్ట్) ఉండాలని గత పాఠంలో చెప్పుకున్నాం. హోంవర్క్ చేశారా? చేయకపోయినా పర్లేదు, ఆ తేడా చాలకపోవడమనే తప్పు ఇవాళ మళ్లీ ఎదురవుతుంది.

మీ ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి; తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. ఆపడానికి రెండు వాల్యూమ్ బటన్ల షార్ట్‌కట్ ముందే పెట్టుకోండి; అది తెలియక మొదటిసారి నేను నానా తిప్పలూ పడ్డాను. వేలిని కుడివైపు జరిపితే తర్వాతి అంశం చదువుతుంది. వెంటవెంటనే రెండుసార్లు తడితే నొక్కినట్టు. ఇప్పుడు కళ్లు మూసుకుని, మీరు తయారుచేసిన ఫారం ఏదైనా నింపండి.

నా మొదటి ఫారం బస్సు టికెట్‌ది. చూపు లేని మిత్రుడికి ఇస్తే ఫోను "ఎడిట్ బాక్స్... ఎడిట్ బాక్స్... ఎడిట్ బాక్స్" అంటూ పోయింది. "ఇందులో నా పేరేది, ఊరేది స్వామీ?" అన్నాడు. తెర మీద గడి పక్కనే "పేరు" అని ముచ్చటగా రాసే ఉంది. కానీ ఫోను దృష్టిలో ఆ మాటకీ గడికీ చుట్టరికం లేదు.

అది మనమే కలపాలి. వెబ్ పేజీలో అయితే ఆ మాటను లేబుల్ ట్యాగులో పెట్టి, కోడ్‌లో దాని ‘ఫర్’ (for) విలువా గడి ‘ఐడీ’ (id) విలువా ఒకటే ఉండేలా రాయండి. అంతే. పైగా పేరు మీద తట్టినా కర్సర్ గడిలోకే వెళ్తుంది. చేతులు వణికేవారికి అదెంత ఊరటో.

గడి లోపలే బూడిదరంగులో "మీ పేరు రాయండి" అని పెడితే సరిపోదా అంటారు డిజైనర్లు. సరిపోదు. టైపు చేయగానే అది మాయం. మధ్యలో ఫోన్ మాట్లాడి వచ్చినవారికి ఆ గడి దేనికో గుర్తుండదు. ఆ బూడిదరంగు చాలాసార్లు 4.5:1 అందుకోదు కూడా. ఇందాక అన్న పాత తప్పు ఇదే.

తెలుగు ఫారానికి ఇంకో మెలిక ఉంది. పేజీ భాషను చెప్పే ‘లాంగ్’ (lang) విలువ తెలుగు అని చెప్పకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకి మారకపోవచ్చు.

ఇక తప్పులు చూపడం. గడి చుట్టూ ఎర్రగీత గీసి వదిలేస్తే, రంగుల తేడా తెలియనివారికి అది లేనట్టే. "ఫోన్ నంబరుకి 10 అంకెలు కావాలి, 9 ఉన్నాయి" అని మాటల్లో చెప్పండి. ఆ వాక్యాన్ని కోడ్‌లో ‘ఏరియా-డిస్క్రైబ్డ్‌బై’ (aria-describedby)తో గడికి ముడివేయండి; అప్పుడు స్క్రీన్ రీడర్ గడితో పాటు దాన్నీ చదువుతుంది.

హోంవర్క్: మీ ఫారంలో ఎన్ని గడులు పేరు చెప్పాయి, ఎన్ని చెప్పలేదు, లెక్క రాయండి. వచ్చే పాఠం కేవైసీ, అంటే బ్యాంకుల వంటివి మీరెవరో నిర్ధారించుకోవడం. సెల్ఫీలో కన్నార్పమంటే ఆర్పలేనివారు ఏం చేయాలి? 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దీని మీద తీర్పిచ్చింది. వీలైతే చదివి రండి.