అరోరా ఫొటో తీయడం ఎలా? అసలు కష్టం ఫోకస్‌లోనే

ధ్రువాల దగ్గర రాత్రి ఆకాశంలో ఆడే రంగుల వెలుగే అరోరా. దాన్ని తీయడానికి కావలసినవి: మాన్యువల్ మోడ్ ఉన్న కెమెరా, 14 నుంచి 24 ఎంఎం వైడ్ లెన్స్ (ఎఫ్2.8 వరకైనా తెరుచుకోవాలి), గాలికి ఊగని ట్రైపాడ్, మూడు బ్యాటరీలు, ఎర్ర వెలుగు హెడ్‌ల్యాంప్. ఇవి చాలు. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి వాడనివి లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా ఉంచండి. లెన్స్ ముందు యూవీ ఫిల్టర్ ఉంటే బయల్దేరే ముందే తీసేయండి. అరోరా పచ్చరంగు దాదాపు ఒకే తరంగదైర్ఘ్యంలో, 557.7 నానోమీటర్ల దగ్గర వస్తుంది. ఆ కాంతి ఫిల్టర్ రెండు ముఖాల మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఫొటో నడుమ వలయాలు పడతాయి. ఎడిటింగ్‌లో వాటిని వదిలించుకోవడం నరకం.

ఆగస్టు చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు సీజన్. నార్వేలో ట్రోమ్సో, స్వీడన్‌లో అబిస్కో, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్, కెనడాలో ఎల్లోనైఫ్: వీటిలో ఏదైనా మంచిదే.

అక్కడికి వెళ్లాక చాలామంది కేపీ సంఖ్య పెరగాలని గదిలోనే కూర్చుంటారు. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలత చెందిందో చెప్పే ఆ సంఖ్య మొత్తం భూమికి, మూడు గంటలకు ఒకసారి ఇచ్చే అంకె. ట్రోమ్సో అంత ఉత్తరాన కేపీ 2 ఉన్నా అరోరా కనిపిస్తుంది, మబ్బు పట్టిందంటే 7 ఉన్నా కనిపించదు. అందుకే ముందు మబ్బుల మ్యాప్ చూడాలి. ట్రోమ్సో తీరాన మబ్బు కమ్మితే స్కీబోట్న్ వైపు లోపలికి వెళ్లండి, సముద్రపు తేమను కొండలు ఆపేస్తాయి కాబట్టి అక్కడ ఆకాశం తేటగా దొరికే అవకాశం ఎక్కువ. ఆ తర్వాత బీజడ్ విలువ చూడండి, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహం (సౌరగాలి) మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా (మైనస్) అని చెప్పే అంకె. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందున్న ఉపగ్రహాలు కొలిచి పంపేది అదే. అది మైనస్‌లోకి దిగి అక్కడే నిలిచిందంటే ఇక ఆలస్యం చేయకండి. ఆ సౌరగాలి మన దగ్గరికి చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది.

ఇక ఫోకస్. ఎక్కువ ఫొటోలు చెడేది ఇక్కడే, చెడిన సంగతి తెలిసేది మర్నాడు.

చీకట్లో ఆటోఫోకస్ పట్టు దొరక్క తిరుగుతూనే ఉంటుంది, ఆపేయండి. లెన్స్ మీది అనంతం గుర్తు దగ్గర రింగ్ పెట్టి వదిలేయడం రెండో తప్పు. చాలా లెన్సులు ఆ గుర్తు దాటి కూడా తిరుగుతాయి, అసలు చోటు దానికి కాస్త ఇటో అటో ఉంటుంది. పగలే ఫోకస్ చేసి టేప్ వేసుకోమని కొందరు చెబుతారు. ఆ మాట వినకండి. వెచ్చటి గదిలోంచి మైనస్ 20కి వస్తే లెన్స్ కుంచించుకుంటుంది, ఫోకస్ పక్కకు జరిగిపోతుంది.

కెమెరాను బయట 20 నిమిషాలు చల్లబడనివ్వండి. అపర్చర్ పూర్తిగా తెరిచి, లైవ్ వ్యూలో బాగా వెలిగే నక్షత్రాన్ని తెర మధ్యకు తెచ్చి, 10 రెట్లు పెద్దది చేయండి. రింగ్‌ను వెంట్రుకవాసి చొప్పున తిప్పితే చుక్క చిన్నదవుతూ వచ్చి మళ్లీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును ఒకసారి దాటి చూసి, వెనక్కి వచ్చి, అన్నిటికన్నా చిన్నగా ఉన్నచోట ఆపండి. దాటి చూడకపోతే అదే చిన్నదని తెలిసే దారి లేదు. అప్పుడు టేప్ వేసి, ఒక ఫొటో తీసి, మూలల దాకా పెద్దది చేసి చూడండి. జూమ్ లెన్స్ అయితే జూమ్ కదిలినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చేయాలి. ప్రతి అరగంటకూ ఒకసారి సరిచూడండి, అద్దం మీద మంచు పట్టిందేమో కూడా అప్పుడే చూసుకోండి. మీ ఊపిరి లెన్స్‌కు తగలనివ్వకండి.

మిగతావి తేలిక. రా ఫార్మాట్, ఐఎస్ఓ 1600, వైట్ బ్యాలెన్స్ 3800 కెల్విన్, స్టెబిలైజేషన్ ఆఫ్, 2 సెకన్ల టైమర్. నెమ్మదిగా కదిలే అరోరాకు 10 సెకన్లు. తెరలు తెరలుగా ఆడుతుంటే 2 నుంచి 4 సెకన్లకు తగ్గించి ఐఎస్ఓ 3200 పెట్టండి. 15 సెకన్లు దాటించకండి, మడతలన్నీ కలిసిపోయి పచ్చటి పొగ మిగులుతుంది. చీకట్లో కెమెరా తెర అబద్ధం చెబుతుంది, ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌ను, అంటే హిస్టోగ్రామ్‌నే నమ్మండి.

తిరిగి వెచ్చటి గదిలోకి అడుగుపెట్టే ముందే మెమరీ కార్డు తీసుకుని, కెమెరాను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసేయండి. తేమ సంచి మీద పడుతుంది, లెన్స్ లోపలికి పోదు. కనీసం రెండు గంటలు సంచి తెరవకండి.