వేట నిషేధంలో పాత ఫైబర్ బోటు బాగుచేసుకునేవాళ్లు చూసుకోవలసినవి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తూర్పు తీరంలో ఇంజినున్న బోటు వేటకి వెళ్లకూడదు. ఉప్పాడలో చూసినా, నిజాంపట్నంలో చూసినా ఈ రెండు నెలలూ బోర్లించిన బోట్లు, గ్రైండర్ మోత, ఫైబర్ అతికించే రెజిన్ జిగురు వాసన. సంపాదన ఆగిపోయిన రోజుల్లోనే ఏడాది మరమ్మతంతా మీద పడుతుంది. పదేళ్లు దాటిన బోటయితే ఉన్న నాలుగు డబ్బులూ ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు.

చాలామంది ముందు కొత్త ఇంజిన్ బేరం మొదలుపెడతారు. ఆ పని ఆఖర్న పెట్టుకోండి. ముందు ఇంజిన్ బిగించే వెనకచెక్క చూడండి. పైన ఫైబరే కనిపిస్తుంది కానీ, చాలా బోట్లలో దాని లోపల ఉండేది ప్లైవుడ్. బోల్టు కన్నాల్లోంచి ఉప్పునీళ్లు దిగి ఏళ్ల తరబడి నానుతుంది. సుత్తి పిడితో జానెడు జానెడుకీ కొట్టి వినండి. టక్కుమంటే చెక్క గట్టిగానే ఉన్నట్టు. తడి గోడ మీద కొట్టినట్టు మందంగా పలికితే ఒక బోల్టు ఊడదీసి కన్నంలోకి స్క్రూడ్రైవర్ దూర్చండి. కాఫీడికాషన్ లాంటి నీళ్లు, మెత్తటి పొట్టు వచ్చాయంటే ఇక ఆలోచించేది లేదు, చెక్క మార్చాల్సిందే. అలాంటి దానికి 9.9 హెచ్‌పీ తీసి 25 బిగిస్తే, కెరటం మీద బోటు లేచిన రోజున ఇంజిన్ సముద్రంలోకి పోతుంది.

అడుగున పగుళ్ల సంగతికొస్తే, తొందర అసలు పనికిరాదు. ఒక ఏడాది నేను బోటు ఒడ్డుకెక్కించిన మర్నాడే అతుకు వేయించాను. పైకి ఎండినట్టే ఉంది. మూడో వేటకి అతుకు అప్పడంలా లేచొచ్చింది. పగులు చుట్టూ గీకి, మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించి, కనీసం వారం పదిరోజులు ఎండనివ్వండి. రాత్రి ఆ చోట పాలిథిన్ కాగితం అంచులు అంటించి ఉంచండి. పొద్దున లోపలివైపు చెమ్మ పట్టిందంటే ఇంకా తడుందన్నమాట. రంగు మీద మ్యాట్ (రెజిన్‌తో తడిపి వేసే గాజునార పరుపు) వేస్తే నిలవదు, ఫైబర్ బయటపడేదాకా గ్రైండ్ చేయాలి. అక్కడ ఫైబర్ మందం 6 మిల్లీమీటర్లుంటే పగులుకి రెండు పక్కలా ఏడు సెంటీమీటర్ల మేర వాలుగా అరగదీయాలి. కిందటేడాది వేటలో ఎపాక్సీ ముద్ద అద్ది నెట్టుకొచ్చిన చోట్లుంటే దాన్ని పూర్తిగా తవ్వి తీసేయండి. దాని మీద మామూలు పాలిస్టర్ రెజిన్ సరిగా పట్టదు.

ఇక ప్రాణం మీదికి తెచ్చేది హార్డెనర్, అంటే రెజిన్‌ని గట్టిపరిచే ద్రవం. కోబాల్ట్ (గట్టిపడటాన్ని తొందరచేసే ద్రవం), హార్డెనర్ రెండూ ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి నేరుగా కలపకూడదు. భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ముందు కోబాల్ట్ రెజిన్‌లో బాగా కలిపాక, అప్పుడు హార్డెనర్. అసలు కోబాల్ట్ కలిపి అమ్మే రెజిన్ కొనుక్కుంటే ఆ బాధే ఉండదు. రెండు సీసాలూ ఒక సంచిలో మోసుకురావద్దు. హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లని పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు లేకుండా మూత తీయకండి. పడిందా, పావుగంటకి తగ్గకుండా మంచినీళ్లు పోస్తూనే ఉండి, అట్నుంచటే ఆసుపత్రికి పోవాలి.

కిలో రెజిన్‌కి 10 నుంచి 20 గ్రాముల హార్డెనర్. మే ఎండల్లో 10 గ్రాములకే గట్టిపడిపోతుంది. ఇంకా తగ్గిస్తే లోపల పచ్చిగా ఉండిపోతుంది కాబట్టి, తగ్గించాల్సింది కలిపే రెజిన్‌ని. అరకిలో చొప్పున కలుపుకుని, పొద్దున్న తొమ్మిదిలోపో సాయంత్రం నీడలోనో వేయండి. బకెట్ నిండా కలిపి కబుర్లలో పడితే అది దానంతటదే వేడెక్కి, పొగలు కక్కి, బకెట్ అడుగు కరిగిపోవడం మా ఒడ్డున ఏటా చూసే తమాషాయే. మిగిలిన రెజిన్ డబ్బానీ, తుడిచిన గుడ్డల్నీ నీళ్లు పోసిన బకెట్లో పడేయండి, బోటు కింద కుప్పగా వదలొద్దు. చుట్టుపక్కల బీడీ వెలిగించనివ్వద్దు. ఈ మాట చెప్తే మామయ్యలకి కోపం వస్తుంది, రానివ్వండి.

గ్రైండర్ దుమ్ము ఒంటికి అంటితే రాత్రంతా దురద, ఊపిరితిత్తుల్లోకి పోతే అంతకంటే చేటు. మాస్క్, నిండు చేతుల చొక్కా ఉండాలి. ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. తడి ఇసుక మీద నిలబడి అతుకుల వైరుతో గ్రైండర్ నడపడం షాక్‌ని పిలిచి తెచ్చుకోవడమే.

ఇంజిన్ పాతది కొంటుంటే నీళ్ల డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేయించండి. పొడిగా తిప్పితే నీటి పంపు రబ్బరు నిమిషాల్లో మాడుతుంది. పక్క కన్నంలోంచి నీళ్లు ధారగా చిమ్మాలి. గేర్ ఆయిల్ మూత తీసి చూడండి, పాలు కలిపిన టీ రంగులో ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. హెచ్‌పీ పెంచితే బోటు రిజిస్ట్రేషన్‌లో కూడా మార్పించుకోవాలి.

జూన్ 14 అర్ధరాత్రికి అందరితో పాటు దూకేయకండి. నాలుగు రోజుల ముందే ఒడ్డు దగ్గర నీళ్లలో దింపి, వల బరువుకి సరిపడా ఇసుక మూటలు వేసి, పూటంతా తేలనివ్వండి. అడుగున నీరు ఊరితే అక్కడే తెలుస్తుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, అడుగునే పేరుకుంటుంది కాబట్టి ట్యాంకు పైపు కొత్తది వేసి, గాలి ఆడనిచ్చాకే స్టార్ట్ చేయండి. పాత లైఫ్ జాకెట్ తొడుక్కుని నడుంలోతు నీళ్లలో కాళ్లెత్తి చూడండి, తేలకపోతే దాన్ని వదిలేయండి. కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఫోన్‌లో ఉంటే చాలదు, ఫోన్ తడిసిన రోజుకి బోటు లోపలి పలక మీద పెయింటుతో రాయించండి.