భూటాన్ ప్రయాణం: ముందు కాగితాలు, తర్వాత రాత్రుల లెక్క

భారతీయులకు భూటాన్ వీసా అక్కర్లేదు, కానీ ఎంట్రీ పర్మిట్ తప్పనిసరి. ఆ పర్మిట్‌కు ఆధార్ చెల్లదు. ఈ సంగతి తెలియక సరిహద్దు దాకా వెళ్లి ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. కనీసం ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ ఉండాలి. 18 ఏళ్లలోపు పిల్లలకు పాస్‌పోర్టు లేకపోతే ఇంగ్లీషులో ఉన్న జనన ధ్రువీకరణ పత్రం పెట్టుకోండి.

మనవాళ్లకు వచ్చే అసలు చిక్కు ఇంటిపేరుతో. కార్డులో ఒక్క పొడి అక్షరం, టికెట్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటే కౌంటర్లో ప్రశ్నలు మొదలవుతాయి. ఏ కార్డు చూపిస్తారో ముందే తేల్చుకుని, టికెట్, హోటల్, పర్మిట్ మూడింట్లోనూ అందులో ఉన్న పేరే అక్షరం పొల్లుపోకుండా రాయండి. పర్మిట్‌కు భూటాన్ ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో బయల్దేరకముందే దరఖాస్తు చేసుకోవచ్చు. వచ్చాక రెండు మూడు ప్రింట్లు తీసుకోండి, దారిలో చెక్‌పోస్టుల దగ్గర చూపించాలి.

ఇక డబ్బు. భారతీయులు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ప్రభుత్వ రుసుము కట్టాలి. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పిల్లాడు ఐదు రాత్రులు ఉంటే హోటల్, తిండి కాక 15,000. ఈ రేట్లు అప్పుడప్పుడూ మారతాయి, కట్టే ముందు ఒకసారి చూసుకోండి. ఊరికే ఒక రాత్రి పెంచుకోవడం ఇక్కడ ఖరీదైన వ్యవహారం.

అందుకే రోడ్డు మీద వెళ్లేవాళ్లు మొదటి రాత్రి మన వైపు జైగావ్‌లో పడుకుని, పొద్దున్నే ఫుంట్‌షోలింగ్ గేటు దాటడం మేలు. గువహటి రైళ్లలో న్యూ జల్పాయ్‌గురి దగ్గర దిగితే అక్కణ్నుంచి జైగావ్‌కు కారులో నాలుగు గంటల పైమాటే. దగ్గరి స్టేషన్ హాసిమారా. భూటాన్ గడియారం మనకంటే అరగంట ముందుంటుంది, ఆఫీసు వేళలు ఆ లెక్కనే చూసుకోవాలి. విమానంలో అయితే పారోకు డ్రుక్ ఎయిర్, భూటాన్ ఎయిర్‌లైన్స్ మాత్రమే దిగుతాయి. లోయలో కంటికి కనిపిస్తేనే దింపే రన్‌వే కాబట్టి వాతావరణం బాగాలేకపోతే ఆలస్యం ఖాయం. తిరుగు ప్రయాణంలో కలకత్తాలోనో ఢిల్లీలోనో రెండో విమానానికి కనీసం ఒక పూట ఎడం పెట్టండి. ఢిల్లీ నుంచి వెళ్లేటప్పుడు ఎవరెస్టు ఎడమ కిటికీలో కనిపిస్తుంది.

ఫుంట్‌షోలింగ్ నుంచి రాజధాని థింఫూ 150 కిలోమీటర్లే అయినా ఐదారు గంటలు. దాదాపు 300 మీటర్ల నుంచి 2,300 మీటర్లకు ఒకే రోజులో ఎక్కేస్తారు, అంతా మలుపులే. వాంతుల మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ. గేదూ దగ్గర పొగమంచు పట్టేస్తుంది, చీకటి పడకముందే దాటేలా బయల్దేరండి. సొంత కారు తీసుకెళ్తే రోజుకు 4,500 అదనం, కాబట్టి అక్కడి టాక్సీయే నయం.

ఐదు రాత్రులకు మేం చెప్పే వరస: థింఫూ రెండు, పునాఖా ఒకటి, పారో రెండు. పునాఖా దారిలో 3,100 మీటర్ల దోచులా కనుమ ఉంది. పునాఖా మాత్రం 1,200 మీటర్లే, చలి తగ్గుతుంది. అక్కడ ఫో ఛూ, మో ఛూ నదులు కలిసే చోట 1637 నాటి జోంగ్ (కోట, మఠం కలిసిన కట్టడం) ఉంది. థింఫూ, పారో దాటి వెళ్లాలంటే లైసెన్సున్న గైడ్ ఉండాలి. బుకింగ్ అప్పుడే ఆ మాట తేల్చుకోండి.

పారోలో తక్త్‌సాంగ్ మఠాన్ని ఆఖరి పూర్తి రోజుకు ఉంచండి, అప్పటికి ఒంటికి ఎత్తు అలవాటవుతుంది. నడక సుమారు 2,600 మీటర్ల దగ్గర మొదలై 3,120 మీటర్ల దాకా. ఏడింటికల్లా నడక మొదలుపెట్టండి, పది దాటితే ఎండ, రద్దీ. సగం దారిలో క్యాంటీన్ వస్తుంది. గుర్రాలు సగం పైన కొంతదూరం వరకే, అదీ ఎక్కేటప్పుడే, దిగేటప్పుడు నడవాల్సిందే. చాలామంది మఠం ఎదురుగా కనబడగానే వచ్చేశాం అనుకుంటారు. అక్కడే అసలు పని. వందల మెట్లు లోయలోకి దిగి, జలపాతం దగ్గర వంతెన దాటి, మళ్లీ పైకెక్కాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ దిగిన మెట్లే ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు క్యాంటీన్ దగ్గరే ఆగినా లోటేమీ లేదు, మఠం అక్కణ్నుంచి బాగానే కనబడుతుంది. ఊతకర్ర కిందే అద్దెకిస్తారు, తీసుకోండి. వాన పడితే మట్టి దారి జారుతుంది, కాబట్టి పట్టున్న బూట్లే వేసుకోవాలి. ఫోను, సంచి బయట లాకరులో పెట్టి లోపలికి వెళ్లాలి. జోంగుల్లో, మఠాల్లో పొడుగు చేతుల చొక్కా, నిండు ప్యాంటు ఉండాలి, టోపీ తీసేయాలి.

తిండి దగ్గర మనకు ధైర్యమెక్కువ కానీ, ఎమా దత్షిలో మిరపకాయే కూరగాయ, దాన్ని చీజ్‌తో ఉడికిస్తారు. కారం తట్టుకోలేని పిల్లలకు బంగాళాదుంపల కేవా దత్షి చెప్పండి. మాంసం తిననివాళ్లు, గొడ్డుమాంసం తిననివాళ్లు ఆర్డరిచ్చేటప్పుడే అడగాలి, ఎండు మాంసం ముక్కలు కూరల్లో కలుపుతారు.

మన రూపాయికీ అక్కడి ఙుల్త్రుమ్‌కీ విలువ ఒకటే. భీమ్ యాప్ 2021 నుంచి ఉన్నా అన్ని దుకాణాల్లోనూ నడుస్తుందనుకోవద్దు, వంద నోట్లు దగ్గరుంచుకోండి. చిల్లరగా వచ్చిన ఙుల్త్రుమ్‌లు జైగావ్ దాటితే చెల్లవు, అక్కడే ఖర్చుపెట్టేయండి.

అక్టోబరు, నవంబరుల్లో ఆకాశం తేటగా ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతుంటాయి, ఆ నెలల్లో వెళ్తే తిరుగు రైలు టికెట్ ఒక రోజు తర్వాతకే తీసుకోండి. వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్‌లో బయటికి వెళ్తున్నట్టు నమోదు చేయించుకోకుండా గేటు దాటకండి.