చుంచెలుక ధమనిలో కొవ్వుకు ఎర్రరంగు పట్టించడం: ల్యాబ్‌లో కొత్తగా చేరినవారికి

మా ల్యాబ్‌లో చేరే కొత్త స్కాలర్లకు నేను మొదట నేర్పేది ఆయిల్ రెడ్ ఓ స్టెయినింగ్, అంటే కొవ్వుకు మాత్రమే పట్టే ఎర్రరంగు వేయడం. ధమనిలో పేరుకున్న కొవ్వు కళ్లెదుట ఎర్రగా కనిపిస్తే, అక్కడి నుంచి ఆ కొవ్వు ఆక్సీకరణ (ఆక్సిజన్‌తో చర్య జరిపి చెడిపోవడం) గురించి చదివేదంతా అర్థవంతంగా ఉంటుంది. ఈ పనిలో నేను పట్టుబట్టేది ఒక్కటే: మీరు కొలిచే నష్టం ఆ జంతువులో జరిగిందై ఉండాలి, మీ బెంచి మీద పుట్టింది కాకూడదు.

మామూలు చుంచెలుకల ధమనుల్లో కొవ్వు అంత తేలిగ్గా పేరుకోదు. 1992లో అపోఈ జన్యువు (రక్తంలోని కొవ్వును తొలగించడానికి తోడ్పడే ప్రొటీన్‌ది) పనిచేయని చుంచెలుకలు వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. వాటికి మామూలు మేత మీదే ధమనుల్లో కొవ్వు గడ్డలు వస్తాయి. మీ సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి చేతికొచ్చాకే పని మొదలుపెట్టండి.

ముందు గుండె ఎడమ జఠరికలోంచి పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిసిన ఉప్పునీటి ద్రావణం) పంపి రక్తమంతా కడిగేయాలి. కుడి కర్ణిక కోసి ఉంచితే రక్తం అటు నుంచి బయటికి పోతుంది. తర్వాత కణజాలం చెడకుండా 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, ఆపైన గడ్డకట్టించేటప్పుడు దెబ్బతినకుండా 30 శాతం చక్కెర ద్రావణం. కణజాలం అడుగుకు మునిగేదాకా 4 డిగ్రీల్లో ఉంచండి, తొందర వద్దు. పారఫిన్ బ్లాక్ (కణజాలాన్ని మైనంలో పొదగడం) జోలికి మాత్రం వెళ్లొద్దు. ఆ పద్ధతిలో వాడే ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి, రంగు పట్టడానికి ఏమీ మిగలదు. ఓసీటీ అనే జిగురులో గడ్డకట్టించి, క్రయోస్టాట్‌లో (చల్లగా ఉంచి పలుచగా కోసే యంత్రం) సుమారు మైనస్ 20 డిగ్రీల్లో 10 మైక్రాన్ల సెక్షన్లు తీయాలి.

అందరూ తడబడేది దిశ దగ్గర. గుండెను కర్ణికల కింది అంచుకు సమాంతరంగా కోసి, పై సగాన్ని కోసిన ముఖం నుంచి సెక్షన్ పడేలా అమర్చండి. కండరం పోతూ పోతూ మూడు కవాటపు రెక్కలు ఒకే సెక్షన్‌లో కనిపిస్తే అయోర్టిక్ రూట్‌కు, అంటే గుండె నుంచి మహాధమని మొదలయ్యే చోటికి, చేరినట్టే. అక్కడి నుంచి రెక్కలు మాయమయ్యేదాకా ప్రతి సెక్షన్‌నూ వరుస తప్పకుండా స్లైడ్‌కు ఎక్కించండి. రంగు వేయకుండానే మధ్యమధ్యలో మైక్రోస్కోప్ కింద చూసుకుంటూ ఉండాలి.

రంగు ఏ రోజుకారోజు కలుపుకోండి. ఐసోప్రొపనాల్‌లో ఉన్న స్టాక్ మూడు పాళ్లు, నీళ్లు రెండు పాళ్లు. పది నిమిషాలు ఆగి వడకట్టాలి. ఆరిన స్లైడ్‌ను 60 శాతం ఐసోప్రొపనాల్‌లో ఒకసారి ముంచి, రంగులో పది పదిహేను నిమిషాలు ఉంచండి. గిన్నె మీద మూత తప్పనిసరి. ఫ్యాన్ గాలికి ఐసోప్రొపనాల్ ఆవిరైతే రంగు పలుకులు కట్టి, సెక్షన్ మీద కొవ్వు చుక్కల్లాగే కనిపిస్తుంది! మళ్లీ 60 శాతంలో కొన్ని సెకన్లు చాలు, ఎక్కువసేపు ఉంచితే అసలు కొవ్వులోని రంగు కూడా వదిలేస్తుంది. నీళ్లతో కడిగి, కణకేంద్రకాలకు నీలిరంగు ఇచ్చే హిమటాక్సిలిన్ కొద్దిగా పట్టించి, గ్లిజరిన్ జెల్లీతో కవర్‌స్లిప్ వేయండి. కవర్‌స్లిప్ అంటించే డీపీఎక్స్ జిగురు వద్దు, అందులో జైలీన్ ఉంటుంది. ఫొటోలు వెంటనే తీసేయండి.

ధమని బయట అంటుకుని ఉండే కొవ్వు ఎర్రబడిందా అని ముందు చూడండి. అది ఎర్రబడకపోతే రంగే పనిచేయలేదు. అయితే కొలిచేటప్పుడు ఆ భాగాన్ని వదిలేయాలి. లోపలి పొరలోని ఎరుపే మనకు లెక్క.

ఆక్సీకరణను కొలవడానికి టిబార్స్ అనే రసాయన పరీక్ష కూడా చేస్తారు. థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో వేడి చేస్తే గులాబీ రంగు వస్తుంది, 532 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఆ వేడికే కొవ్వు కొత్తగా ఆక్సీకరణ చెందుతుంది కాబట్టి ఆక్సీకరణను ఆపే బీహెచ్‌టీ కలపకుండా గొట్టాన్ని వేడినీళ్లలో పెట్టకండి. రక్తకణాలు పగిలి ఎర్రబడిన ప్లాస్మాను పక్కన పెట్టేయండి. ఇతర పదార్థాలు కూడా ఇదే రంగు ఇవ్వగలవు కనుక ఫలితాల్లో "టిబార్స్" అనే రాయండి, "ఎండీఏ" (మాలోన్‌డైఆల్డిహైడ్, కొవ్వు ఆక్సీకరణలో పుట్టే పదార్థం) అని రాయొద్దు. ఎండీఏ అని చెప్పాలంటే పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ చేయాల్సిందే.

ఒక మాట చెప్పాలి. ఆక్సీకరణ చెందిన ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే కణం) ధమనిని దెబ్బతీస్తుందన్న ఆలోచన బలమైనదే. అయినా 2000లో వెలువడిన, మనుషుల మీద చేసిన హోప్ అధ్యయనంలో ఆక్సీకరణను అడ్డుకునే విటమిన్ ఇ గుండెజబ్బులను తగ్గించలేకపోయింది. మీ స్లైడ్‌లో ఎరుపు తగ్గిందని మనిషికి మందు దొరికినట్టు రాయకండి.

కొలతకు ముందు స్లైడ్ల మీద గ్రూపు పేర్లు కప్పేసి, వేరేవాళ్లతో కోడ్ నంబర్లు వేయించండి. ఒక్కో జంతువుకు అన్ని సెక్షన్ల సగటు తీసి, ఆ సగటునే ఒక విలువగా లెక్కించాలి. ఐదు చుంచెలుకల నుంచి యాభై సెక్షన్లు తీసినా ఎన్ (నమూనాల సంఖ్య) ఐదే.