కోపం టెస్టులో మొత్తం స్కోరు కాదు, విడివిడి స్కోర్లు చూడండి

ఆన్‌లైన్‌లో కోపం గురించి టెస్ట్ చేసుకునేవాళ్లు చాలామంది చివర్లో వచ్చే మొత్తం స్కోరు చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. అసలు ఉపయోగం విడివిడి స్కోర్లలో ఉంది. 1992లో బస్, పెర్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇచ్చిన 29 ప్రశ్నల పట్టికనే తీసుకోండి. చెయ్యి చేసుకోవడం, మాటలతో దాడి, లోపల రగిలే కోపం, ఎదుటివాళ్ల మీద ఉండే కక్షా అనుమానమూ (ఈ రెండూ కలిపి ఒకటి) - ఈ నాలుగిటినీ అది వేరువేరుగా లెక్కిస్తుంది. పైకి ఒక్క మాటా అనకుండా, పళ్లు బిగించి లోపలే ఉడికిపోయేవాళ్లకి మొత్తం స్కోరు తక్కువే రావచ్చు. చివరి రెండూ చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఎప్పుడు చేస్తున్నారన్నదీ ముఖ్యమే. మన వైజాగ్ ఉక్కపోతలో ఎన్‌ఏడీ జంక్షన్ ట్రాఫిక్ దాటి ఇంటికొచ్చీ రాగానే చేస్తే, ఆ సాయంత్రం చిరాకంతా స్కోరులోకి ఎక్కేస్తుంది. భోజనమయ్యాక తీరిగ్గా కూర్చోండి. ప్రతి ప్రశ్నకీ ఈమధ్య నిజంగా జరిగినదొకటి గుర్తు తెచ్చుకుని నొక్కండి: ఆటో అతనితో చిల్లర గొడవో, హోంవర్క్ దగ్గర పిల్లాడి మీద అరిచిందో. వీలైతే ఇంట్లోవాళ్లతో మీ గురించి అవే ప్రశ్నలకి జవాబులు రాయించండి. తేడా వచ్చిన చోటే కూర్చుని మాట్లాడుకోవాలి. రిజల్ట్ కోసం ఫోన్ నంబర్ అడిగే సైట్లయితే వదిలేయండి.

ఇది రోగ నిర్ధారణ కాదు. చెయ్యి లేస్తున్నా, ఇంట్లోవాళ్లు మిమ్మల్ని చూసి భయపడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.